వేల్స్ ఆస్థాన కవుల్ని చదవాలంటే చివర్నుంచి మొదలుపెట్టండి

రాజమండ్రి చుట్టుపక్కల పెరిగినవాళ్లకి ఆస్థాన కవి అంటే ఏంటో విడమరిచి చెప్పక్కర్లేదు, రాజరాజనరేంద్రుడూ నన్నయా చిన్నప్పట్నుంచీ తెలిసినవాళ్లే. కాబట్టి 12, 13 శతాబ్దాల వేల్స్ రాజుల కవులు మనకి మరీ కొరుకుడుపడని బాపతేం కాదు. కాకపోతే వరసగా, అంటే 1137లో పోయిన గ్రిఫిద్ అప్ కనాన్ అనే రాజు మీద మెయిలిర్ అనే కవి చెప్పిన పద్యం దగ్గర మొదలుపెడితే నాలుగో పొగడ్తకే పుస్తకం మూసేస్తారు.

ముందు చివరికి, అంటే 1282కి వెళ్లండి. ఆ డిసెంబరు 11న ఉత్తర వేల్స్‌లోని గ్వినెద్ రాజ్యపు రాజు లెవెలిన్‌ని కిల్మెరి దగ్గర ఇంగ్లీషు సైన్యం చంపేసింది, తల కోసి లండన్ పంపించి జనానికి చూపించారు. అతని మీద గ్రిఫిద్ అబ్ అర్ అనద్ కోహ్ అనే కవి చెప్పిన విలాపం వంద పంక్తులు దాటుతుంది. గాలీ వానా వస్తున్న దారి కనపడట్లేదా, ఓక్ చెట్లు ఒకదాన్నొకటి బాదుకోవడం కనపడట్లేదా, సముద్రం నేలమీదకి విరుచుకుపడటం కనపడట్లేదా అని ఊపిరి తీసుకోకుండా నిలదీస్తాడు. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమ మనిషైతే ఓక్ బదులు కొబ్బరిచెట్టు అనుకుంటే చాలు, ఇంక టీకాతో పనిలేదు.

అర్థం తెలిసాక మూలాన్ని పైకి చదవండి. స్పెల్లింగ్ చూసి టెన్షన్ పడొద్దు: రెండు 'డి'లు పక్కపక్కనుంటే మెత్తటి 'ద', డబ్ల్యూ చాలాచోట్ల 'ఉ', 'అప్' అన్నా 'అబ్' అన్నా ఫలానావాడి కొడుకని. ఈ విలాపమంతా దాదాపు 'ఔ' అనే ఒక్క అంత్యప్రాస మీదే నడుస్తుంది, లోపల హల్లుల మోత వేరే. యతిప్రాసలకి అలవాటుపడ్డ చెవి దీన్ని ఇట్టే పట్టేస్తుంది.

ఇక పొగడ్తలు. ఇక్కడ ఒక్కటే అడగండి: ఎవరు ఇస్తున్నారు, ఏమిస్తున్నారు? కన్‌దెలూ అనే పెద్ద కవి పోవిస్ రాజు మాదోగ్‌నీ, గ్వినెద్ ఒవైన్‌నీ, దక్షిణాన రీస్‌నీ ముగ్గుర్నీ ఆకాశానికెత్తాడు, వాళ్లలో వాళ్లకి పడకపోయినా సరే. అవకాశవాది అని తీసిపారేయకండి, అది ఉద్యోగం. పదో శతాబ్దపు రాజు హవెల్ ద పేరుమీదున్న వేల్స్ ధర్మశాస్త్రాల్లో రాజు పరివారపు కవి 24 మంది ఆస్థాన ఉద్యోగుల్లో ఒకడు, కొల్లగొట్టిన సొత్తు పంచుకునేటప్పుడు సైనికుల ముందు పాడటం అతని డ్యూటీ. అతనికంటే పై కవి ఉంటాడు, సభలో ముందు దేవుడి మీదా తర్వాత రాజు మీదా పాడేది ఆయనే. పద్యాల్లో గుర్రాలూ, బంగారమూ, తేనె పులియబెట్టిన మీడ్ కల్లూ పదేపదే వస్తాయి, అవి కనిపించినచోట ఆగి చదవండి. మనదగ్గర నందంపూడి శాసనం పక్కన పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది: రాజరాజు నారాయణభట్టుకి అగ్రహారమిస్తే ఆ శాసనం రచించింది నన్నయే.

పొగడ్తలు మొహం మొత్తితే మధ్యలో హవెల్ అబ్ ఒవైన్‌ని చదవండి. ఇతను పైన చెప్పిన గ్వినెద్ ఒవైన్ కొడుకు, రాజకుమారుడు, పొగిడి తెచ్చుకోవాల్సిన అవసరం లేదు కాబట్టి తన నేల గురించీ ఆడవాళ్ల గురించీ హాయిగా రాసుకున్నాడు. తండ్రి పోయిన 1170లోనే సవతి అన్నదమ్ములు చంపేశారు పాపం.

అసలు రాతప్రతి చూడాలనుంటే 1300 ప్రాంతపు హెండ్రెగాద్రెద్ ప్రతి అబెరిస్ట్‌విత్‌లోని వేల్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది, ఫొటోలు వాళ్ల సైట్‌లో ఉచితంగానే చూడొచ్చు.