వేలంలో బండి కొనడం, 3వ పాఠం: మొదటి పాట వేరు, రిజర్వ్ ధర వేరు

పోయిన పాఠంలో యార్డుకెళ్లి బండి ఎలా చూసుకోవాలో చెప్పుకున్నాం. ఇంజన్ స్టార్ట్ చేయించి, ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిచూసుకుని ఇంటికొచ్చారనుకుందాం. ఇక ఫోన్లో వేలం పేజీ తెరవండి.

ఒంగోలు దగ్గర యార్డులో ఒక పికప్ ఉంది, రొయ్యల గుంటలకి మేత తోలుకోడానికి మీకు కావాలి. బయట అలాంటిది నాలుగు లక్షలు పలుకుతోంది. స్క్రీన్ మీద మాత్రం ప్రారంభ ధర 1,50,000 అని ఉంటుంది. చూడగానే ఆశ పుడుతుంది. పుట్టాలనే అంత తక్కువ పెడతారు! నలుగురూ పోగై పోటీ పడితే దాని పని అయిపోయినట్టే, బండి విలువ సంగతి అది చెప్పదు.

చెప్పేది రిజర్వ్ ధర. ఇంతకు తగ్గితే ఇచ్చేది లేదని అమ్మేవాళ్లు ముందే అనుకున్న అంకె. మన ఊరి చెరువు చేపల వేలంలో సర్కారు పాట అందరి ముందూ చెప్పి అక్కణ్ణుంచే మొదలెడతారు కదా, బ్యాంకుల వేలం ప్రకటనలు చాలావరకు అలాగే ఉంటాయి. 2002 నాటి సర్ఫేసీ చట్టం (బాకీ కట్టకపోతే తాకట్టు ఆస్తిని బ్యాంకులు స్వాధీనం చేసుకుని అమ్ముకునే చట్టం) కింద బండి అమ్మాలంటే ముందు విలువ కట్టించాలి, అవసరమనుకుంటే ఆ తర్వాత రిజర్వ్ ధర పెడతారు. ప్రైవేటు సైట్లలో చాలాచోట్ల ఆ అంకె దాస్తారు, చిక్కంతా అక్కడే.

మన పికప్‌కి దాచిన ధర 2,60,000 అనుకోండి. పాట 2,40,000 దగ్గర ఆగింది, పెద్ద పాట మీదే, టైమ్ అయిపోయింది. అయినా బండి మీది కాదు, రిజర్వ్ అందలేదని వస్తుంది. తర్వాత అమ్మేవాళ్లు ఫోన్ చేసి బేరమాడొచ్చు, మళ్లీ వేలానికీ పెట్టొచ్చు.

ఇంకో రకం చూడండి. ఆటో బిడ్‌లో, అంటే మీరు చెప్పిన గరిష్ఠం దాకా మీ తరఫున సైటే పాట పెంచే పద్ధతిలో, 2,80,000 పెట్టి వదిలేశారు, అవతలివాళ్లు 1,90,000 దగ్గరే ఆగిపోయారు. ఐదేసి వేలు పెరిగే పాట కాబట్టి 1,95,000కి వస్తుందనుకుంటారు, కానీ కొన్ని సైట్లలో మీ పాట ఒక్కసారిగా 2,60,000కి ఎగురుతుంది. మోసం మోసం అని గోల పెడతారు గానీ కాదు. మీ గరిష్ఠం రిజర్వ్‌ని దాటింది కాబట్టి సిస్టమ్ అక్కడికి తీసుకెళ్లింది.

ఆ 2,80,000 ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? నాలుగు లక్షల్లోంచి టైర్లు, బ్యాటరీకి 35,000, ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ, పాత ట్యాక్సుకి 40,000, సైటు ఫీజు, దాని మీద జీఎస్టీకి 15,000, కనపడని రిపేర్లకి 30,000 తీసేశాను. మీ బండికి మీ లెక్క మీరు వేసుకోండి, పాట మొదలవకముందే కాగితం మీద. రిజర్వ్ మూడు లక్షలైతే ఆ బండి మనది కాదు, అంతే.

చివరి నిమిషంలో కొట్టేద్దామనే తెలివి చాలా సైట్లలో పనిచేయదు, ఆఖర్లో పాట పడితే టైమ్ పొడిగిస్తారు. రిజర్వ్ దాటినా నిబంధనల్లో ‘ఆమోదానికి లోబడి’ అని ఉంటే, అమ్మేవాళ్ల ఆమోదం వచ్చేదాకా పార్టీ ఇవ్వొద్దు. గెలిచాక వద్దంటే మాత్రం పాటకి ముందు కట్టిన ధరావతు పోతుంది, అది మామూలుగా అన్నిచోట్లా ఉండేదే.

ఈ వారం పని: ఏదో ఒక వేలం పాట పాడకుండా చూడండి. ప్రారంభ ధర, ఆగిన ధర, రిజర్వ్ అందిందా లేదా, మూడూ రాసుకోండి. వచ్చే పాఠంలో ఆర్సీ మార్పిడి, ఫైనాన్స్ ఎన్‌ఓసీ.