పెద్దవాళ్లకు పడక పుండ్లు రాకుండా ఎలా కూర్చోబెట్టాలి, ఎలా పడుకోబెట్టాలి?

మంచం పట్టిన పెద్దావిడను కుర్చీలోకి మార్చగానే ఇంటిల్లిపాదీ తేలికపడతారు. ఇక పుండ్ల భయం లేదనుకుంటారు. ‘పడక పుండు’ అన్న పేరే మనల్ని అలా నమ్మించింది. పడుకున్నప్పుడు ఒంటి బరువు వీపు, తుంటి, కాళ్ల మీదికి సర్దుకుంటుంది. కూర్చున్నప్పుడు అందులో ఎక్కువ భాగం పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకల మీదే పడుతుంది. ఎముకకూ కుర్చీకీ మధ్య నలిగే కండకు రక్తం సరిగా అందదు. మనకైతే తిమ్మిరెక్కగానే తెలియకుండానే కదులుతాం. కదలలేనివారికి, స్పర్శ తగ్గినవారికి ఆ వీలు లేదు. అందుకే కుర్చీతోనే మొదలుపెడదాం.

1. కుర్చీ కొలత సరిచూడండి

నడుము వెనక్కి ఆనేలా లోపలికంటా కూర్చోబెట్టండి. కుర్చీ అంచుకూ మోకాలి వెనక మడతకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. దూరకపోతే కుర్చీ లోతు ఎక్కువైందన్నమాట. అరికాళ్లు పూర్తిగా నేలకు ఆనాలి, అందకపోతే కింద పీట వేయండి. అలాగని పీట మరీ ఎత్తుగా ఉండి మోకాళ్లు పైకి లేస్తే, తొడలు మోయాల్సిన బరువు కూడా ఆ రెండు ఎముకల మీదికే వెళ్తుంది. మోచేతులు ఆనించుకునే ఆసరా ఉంటే కొంత భారం అటు పోతుంది.

అన్నిటికంటే ప్రమాదం జారడం. కాసేపు కునుకు పట్టగానే మనిషి నడుము ముందుకు జారి, తోక ఎముక మీద కూర్చుండిపోతారు. అప్పుడు లోపల ఏం జరుగుతుందో తెలియాలంటే మీ అరచేతిని బల్ల మీద గట్టిగా ఆనించి, చర్మం కదలకుండా చేతిని ముందుకు తోసి చూడండి. చర్మం అక్కడే ఉండిపోతుంది, ఎముక మాత్రం ముందుకు వెళ్తుంది. మధ్యలో ఉన్న కణజాలం సాగుతుంది. తోక ఎముక దగ్గర సన్నని రక్తనాళాలు అలాగే సాగి మూసుకుపోతాయి. పైకి చర్మం బాగానే కనిపిస్తుంటే లోపల దెబ్బ తగిలి ఉండవచ్చు. జారినట్టు కనిపిస్తే చంకల కింద చేతులు వేసి లాగకండి. ముందుకు వంచి, ఇద్దరు పట్టుకుని, కాస్త పైకి లేపి వెనక్కి సర్దండి. పదేపదే జారుతుంటే తప్పు ఆ మనిషిది కాదు, కుర్చీది.

2. కుర్చీలో వేసే పరుపును చేత్తో పరీక్షించండి

ఫోమ్, జెల్, గాలి నింపినవి, ఏ రకమైనా పరీక్ష ఒక్కటే. వారు కూర్చున్నాక పరుపు కిందికి అరచేయి పైకి ఉండేలా చేయి పెట్టండి. ఎముక మీ వేళ్లకు గట్టిగా తగిలితే ఆ పరుపు అణగారిపోయినట్టే, మార్చాలి. మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి రబ్బరు దిండు మాత్రం వాడకండి. రంధ్రం మీద ఒత్తిడి ఉండదన్న ఆశతో చాలామంది తెస్తారు, కానీ చుట్టూ ఉన్న అంచు నొక్కేసి మధ్య భాగానికి రక్తం రాకుండా చేస్తుంది.

3. గడియారం చూసి కదిలించండి

తమంతట తాము కదలగలిగినవారు 15 నుంచి 30 నిమిషాలకోసారి ముందుకు వంగి, మోచేతులు బల్ల మీద పెట్టి ఒకటి రెండు నిమిషాలు ఉండాలి. పక్కలకు ఒరగడం కూడా మంచిదే. పడిపోయే భయం ఉంటే పక్కన మనిషి ఉండాలి. కదలలేనివారిని కనీసం గంటకోసారి మీరే సర్దాలి. ఎంత మంచి పరుపు కొన్నా ఈ పని తప్పదు.

4. మంచం మీద

2 గంటలకోసారి భంగిమ మార్చడం వాడుకలో ఉన్న లెక్క. చర్మం తీరును, పరుపును బట్టి వైద్యులు దాన్ని మారుస్తారు. పక్కకు తిప్పేటప్పుడు పూర్తిగా తుంటి ఎముక మీద పడుకోబెట్టకండి. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల మేర ఒరిగి ఉండేలా చూడండి, మోకాళ్ల మధ్య మరో దిండు. భోజన సమయంలో తప్ప తలవైపు 30 డిగ్రీలకు మించి ఎత్తి ఉంచితే ఇక్కడా జారుడే. పిక్కల కింద పొడవునా దిండు పెట్టి మడమలు గాలిలో తేలేలా చూడండి. పైకి జరపాలంటే కింద వేసిన దుప్పటితో ఇద్దరు ఎత్తి జరపాలి, ఈడ్చకూడదు. దుప్పటి ముడతలు, ఒంటి కింద చిక్కుకున్న మూత్రపు గొట్టం కూడా పుండు చేస్తాయి.

తడిసిన బట్ట వెంటనే మార్చండి. తిండి తగ్గినా, బరువు తగ్గుతున్నా వైద్యులకు చెప్పండి. మాంసకృత్తులు చాలకపోతే చర్మం తట్టుకోలేదు.

5. రోజుకు రెండుసార్లు చర్మం చూడండి

తోక ఎముక, పిరుదులు, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక, చెవులు చూడండి. ఎర్రబడ్డ చోట వేలితో కాసేపు నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ రంగు వస్తే రక్తం ఆడుతున్నట్టు. తెల్లబడకపోతే అది మొదటి దశ పుండు. చామనఛాయ, నల్లని చర్మంలో ఎరుపు తెలియదు కాబట్టి వేళ్ల వెనక భాగంతో తాకి చూడండి. చుట్టుపక్కల కంటే వెచ్చగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో ఉందా? ముట్టుకుంటే నొప్పి అంటున్నారా? ప్రేమ కొద్దీ నూనె రాసి రుద్దకండి, లోపల నలిగిన కండ ఇంకా నలుగుతుంది. ఆ చోటు మీద అసలు బరువు పడకుండా చూసి, ఆ రోజే వైద్యులకో నర్సుకో చూపించండి. చర్మం చిట్లినా, బొబ్బ లేచినా, దుర్వాసన, జ్వరం వచ్చినా క్షణం ఆగవద్దు. పిరుదుల మీద ఇప్పటికే పుండు ఉంటే కుర్చీలో ఎంతసేపు ఉంచవచ్చో వారినే అడగండి. వారు చెప్పిన సమయం, ఆ రోజు ఏ పక్కకు ఎన్ని గంటలకు తిప్పారో ఒక నోటు పుస్తకంలో రాసి మంచం పక్కనే ఉంచండి. రాత్రి వంతు తీసుకునేవారు ఎక్కడి నుంచి కొనసాగించాలో అందులో చూసుకుంటారు.