తెలుగు బడి కోసం ప్రభుత్వాన్ని కదిలించే పద్ధతి: ఒడిశా సరిహద్దు కుటుంబాలకు

పర్లాకిమిడి, గునుపూర్, రాయగడ, బరంపురం ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లలకు తెలుగు చదువు కావాలని కోరేది ఎక్కువగా ఎన్నికల వేళ, సభావేదికల ముందు. అక్కడ దొరికేది హామీ మాత్రమే. ఉత్తర్వు కావాలంటే దస్త్రం నడిచే కాలంలో, సంతకం చేసే అధికారి ముందుకు, లెక్కతోనూ చట్టంతోనూ వెళ్లాలి. ఎన్నికల్లో పోటీ చేయకుండానే ప్రభుత్వ విధానాన్ని మార్చే ప్రభావక వర్గాలు పనిచేసే తీరు ఇదే.

దీనికి ఉదాహరణ ఈ నేలమీదే ఉంది. 1903లో మధుసూదన దాస్ నాయకత్వాన వెలసిన ఉత్కళ సమ్మేళని, ఒడియా మాట్లాడే ప్రాంతాలను ఒకటి చేయాలని కోరుతూ మూడు దశాబ్దాలకు పైగా సభలు, విజ్ఞాపనలతో పట్టు విడవకుండా నిలిచింది. పర్లాకిమిడి రాజు కృష్ణచంద్ర గజపతి ఆ కోరికను లండన్ రౌండ్ టేబుల్ సమావేశం దాకా తీసుకువెళ్లారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. అదే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం ఉద్యమిస్తే, గ్రాంథికవాదులు ఆంధ్ర సాహిత్య పరిషత్తుగా ఏర్పడి ఎదురు నిలిచారు. మనం అడిగే ప్రతిదానికీ ఎదుటి పక్షం కూడా సంఘటితం కాగలదని ముందే గ్రహించి, వారి అభ్యంతరాలకు జవాబులు సిద్ధం చేసుకోవాలి.

మొదట కోరికను కుదించండి. ‘తెలుగును కాపాడండి’ అనే అర్జీపై ఏ అధికారీ నోట్ రాయలేడు. ‘ఫలానా పాఠశాలలో ఇంతమంది తెలుగు పిల్లలున్నారు, ఒక తెలుగు ఉపాధ్యాయ పోస్టు కావాలి’ అంటే రాయగలడు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతుంది. తరగతికి 10 మంది గానీ, పాఠశాల మొత్తంలో 40 మంది గానీ ఉంటే ఉపాధ్యాయుని నియమించాలన్నది 1949 నాటి విద్యామంత్రుల సమావేశం అంగీకరించిన ప్రమాణం. అందువల్ల మీ ఉద్యమానికి మూలం ఇంటింటి లెక్కే. తరగతి వారీగా పిల్లల పేర్లు రాసి, తల్లిదండ్రుల సంతకాలు తీసుకోండి. తెలుగు అర్థమవుతుంది కదా అని సవర, కుయి వంటి గిరిజన భాషలు మాతృభాషగా గల పిల్లలను ఈ జాబితాలో చేర్చడం వారికి అన్యాయం. పైగా తనిఖీలో ఒక్క తప్పుడు పేరు బయటపడినా మిగిలిన జాబితాను ఎవరూ నమ్మరు.

తరువాత సంతకం ఎవరిదో తెలుసుకోండి. ఉన్న ఉపాధ్యాయుని సర్దుబాటు జిల్లా విద్యాధికారి స్థాయిలో సాధ్యం కావచ్చు గానీ, కొత్త పోస్టుకు భువనేశ్వర్‌లోని విద్యాశాఖతో పాటు ఆర్థికశాఖ కూడా ఒప్పుకోవాలి. జిల్లాలో మంజూరైన తెలుగు పోస్టులెన్ని, ఖాళీలెన్ని అని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబును మీ శాసనసభ్యునికి ఇచ్చి, సభలో ప్రశ్నగా వేయించండి. బడ్జెట్ సభకు వచ్చేనాటికి శాఖల అంచనాలు ముగిసిపోతాయి కనుక, దసరా తరువాత ఆలస్యం చేయకూడదు.

ఏ ఫిర్యాదునైనా రాష్ట్రంలో వాడుకలో ఉన్న భాషలో రాసే హక్కును 350వ అధికరణం ఇచ్చింది. అయినా తెలుగు అర్జీకి ఒడియా ప్రతిని జతపరచడం మంచిది, ఎందుకంటే గుమాస్తా తేలిగ్గా చదవగలిగేది ఒడియానే. కలెక్టరు ప్రజా విన్నపాల సభలో ఇచ్చి, రశీదు సంఖ్య తప్పక తీసుకోండి.

పల్లిసభ (ఒడిశాలో గ్రామ ఓటర్ల సభ) తీర్మానం జతచేస్తే బలం పెరుగుతుంది, కానీ దాని హద్దు తెలియాలి. 2013లో నియమగిరి కొండల్లో తలపెట్టిన గనులను 12 పల్లిసభలు తిరస్కరించినప్పుడు ఆ నిర్ణయం నిలిచిందంటే, అటవీ హక్కుల చట్టం ఆధారంగా సుప్రీంకోర్టు ఆ విషయాన్ని వాటికే అప్పగించింది గనుక. పోస్టుల మంజూరులో అలాంటి అధికారం పల్లిసభకు లేదు. అక్కడ తీర్మానం సాక్ష్యం మాత్రమే.

ఏడుగురు కలిస్తే 1860 నాటి సంఘాల నమోదు చట్టం కింద సంఘాన్ని నమోదు చేయవచ్చు. గుత్తేదారుల వంటి ధనమున్న వర్గాలకు అధికారి గది తలుపు త్వరగా తెరుచుకుంటుంది. మనకున్నది సంఖ్య, నిజాయితీ. కాబట్టి చందాల లెక్క ప్రతి నెలా గ్రామంలో చదివి వినిపించండి, స్త్రీలను కార్యవర్గంలోకి తీసుకోండి, ఒడియా తల్లిదండ్రులతో మాట్లాడి, ఒడియాను తీసివేయమనడం లేదని, దానితో పాటు తెలుగు అడుగుతున్నామని స్పష్టం చేయండి. జిల్లాలో పని కాకపోతే, 350బి అధికరణం కింద ఏర్పడిన భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు పాత రశీదులన్నీ జతచేసి రాయండి.

పోస్టు మంజూరైనా పని ముగియదు. ఉపాధ్యాయుడు బదిలీ కావచ్చు, పిల్లల సంఖ్య తగ్గిందని పోస్టు తరలిపోవచ్చు. ప్రతి విద్యాసంవత్సరం మొదట్లో కొత్త లెక్క తీసి, పాత ఉత్తర్వు సంఖ్యను పేర్కొంటూ అదే కార్యాలయానికి పంపండి.