పెంపుడు పందికి ఎండాకాలం ఏర్పాట్లు

‘టీకప్ పంది’ అని అమ్మే పిల్లను చూసి మురిసిపోకండి, పెరిగాక 50 కిలోలు దాటడం మామూలే. మచ్చికైతే మాత్రం పొట్ట నిమరమని పక్కకు ఒరిగి పడుకుంటుంది!

పందికి చెమట దాదాపు పట్టదు. అందుకే మన ఎండలకి చెట్టునీడన అడుగు లోతు గుంట తవ్వి, రోజూ తడిపి బురదగా ఉంచాలి. ఒట్టి నీళ్లు ఇట్టే ఆరిపోతాయి. బురద ఎక్కువసేపు చల్లగా ఉంచుతుంది, తెల్లపంది చర్మం కమలకుండా కాస్తుంది. తాగే నీళ్లకు బరువైన సిమెంటు తొట్టే పెట్టండి, తేలికపాటి గిన్నెను ముట్టెతో బోర్లించేస్తుంది. నీళ్లు అందక, ఉప్పు ఎక్కువ తింటే మెదడు దెబ్బతిని ఫిట్స్ వస్తాయి. ఊరగాయ, చిప్స్ అసలు వద్దు.

నోరు తెరిచి రొప్పుతుంటే నీడకు చేర్చి, మామూలు నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పశువైద్యుణ్ణి పిలవండి. ఐసునీళ్లు ఒక్కసారిగా కుమ్మరించొద్దు.