వానలు ముదిరేలోపు రేకు రోబోల సంగతి చూసుకోండి, కానీ రుద్దకండి

మొన్న పాలకొల్లులో ఒకాయన తన హోరికావా (పాత జపాన్ కంపెనీ) రేకు రోబో బొమ్మ మీద ఎర్రటి తుప్పు చుక్కలు చూసి కంగారుపడి, ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు పెట్టి తోమేశారు. చుక్కలు పోయాయి. వాటితోపాటు ఎస్‌హెచ్ అనే ఆ కంపెనీ గుర్తు కూడా పోయింది. ఇప్పుడది పాత జపాన్ బొమ్మో తర్వాత వచ్చిన నకలో తేల్చి చెప్పేవాళ్లు లేరు. చూసి చాలా బాధేసింది.

మన దగ్గర ఏటా ఇదే తప్పు, అదీ సరిగ్గా వానలకు ముందే. ఈ బొమ్మలకు కింద ఉన్నది ఉక్కు రేకు, దాని మీద తగరం పూత, ఆపైన అచ్చేసిన పల్చటి రంగు. రుద్దితే పైనున్న రెండూ లేచిపోతాయి, బయటపడిన ఉక్కును అంతర్వేది, యానాం వైపు ఉప్పు గాలి ఇంకా త్వరగా తినేస్తుంది. అందుకే రుద్దకండి. చింతపండు వద్దు, గరుకు కాగితం వద్దు, కోనసీమలో చాలామంది పూసే కొబ్బరి నూనె అసలే వద్దు, అది జిగురుగా మారి దుమ్ము పట్టి లోపలి పళ్లచక్రాలు బిగుసుకుపోతాయి.

బొమ్మ ఊరూ పేరూ చెప్పేది ఎస్‌హెచ్ లాంటి ఆ చిన్న అచ్చుగుర్తే. జపాన్ కంపెనీల్లో టీఎన్ అంటే నోమురా, కేవో అంటే యోషియా, మోడరన్ టాయ్స్ అని ఉంటే మసుదయా. ఆక్యుపైడ్ జపాన్ (యుద్ధం తర్వాత పరాయి సేనల ఆధీనంలో ఉన్న జపాన్) అని ఉంటే 1952కు ముందు మాట. అంకెల ముందు ఎంఎస్, ఎంఈ, ఎంఎఫ్ ఉన్నవి చైనావి, ఎంఎస్ అంటే కీ ఇచ్చేది, ఎంఈ బ్యాటరీది, ఎంఎఫ్ తోస్తే నడిచేది. డబ్బా మీద బార్‌కోడ్ ఉంటే, అమ్మేవాడు ఎంత ఒట్టేసినా అది 1960లనాటి డబ్బా కాదు. గుర్తు ఒక్కటే కాదు, కొలత కూడా చూడాలి. మసుదయా పెద్ద రోబోలు దాదాపు 15 అంగుళాలుంటాయి, వాటి మొహాలతోనే తర్వాత చిన్న కీ బొమ్మలు కూడా వచ్చాయి, ఫోటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. స్కేలు పక్కన పెట్టి, ముందు, వెనక, పాదాల కింద, సెల్స్ మూత లోపల ఇప్పుడే ఫోటోలు తీసుకోండి. రేపు ఇంకో బొమ్మతో పోల్చాలన్నా, తుప్పు పెరిగిందో లేదో తెలియాలన్నా ఇవే ఆధారం.

సెల్స్ తీసేయండి. ఒక్కటి కూడా లోపల ఉంచకండి. కారితే తెల్లటి పొడి కట్టి రాగి పట్టీలను తినేస్తుంది. ఆల్కలైన్ సెల్ అయితే దూదిపుల్లను వెనిగర్‌లో ముంచి పట్టీల మీద మాత్రమే అద్దండి, రంగు మీద పడనివ్వకండి.

న్యూస్‌పేపర్‌లో చుట్టకండి, సిరా అంటుతుంది, తేమ పట్టి ఉంచుతుంది. పాలిథిన్ సంచిలో మూతి కట్టేయకండి. సిలికా జెల్ పెట్టండి, నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమ లాగేశాయని అర్థం, మార్చండి, పిల్లలకు అందనివ్వకండి. అసలు డబ్బాను బొమ్మ నుంచి విడిగా ఉంచండి. పెంకుల కింద అటక మీద పెట్టకండి, బాత్రూమ్ గోడకు ఆనుకున్న బీరువాలోనూ వద్దు.

గోదావరి లంకల్లో ఉన్నవాళ్లు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఇచ్చే మొదటి వరద హెచ్చరిక కోసం చూస్తూ కూర్చోవద్దు, అది 11.75 అడుగుల దగ్గర వస్తుంది, అప్పటికి మనుషులూ పశువులూ ధాన్యమే సరిపోతాయి, బొమ్మలు ఎవరికి గుర్తొస్తాయి. 2022లో పెద్ద వరద ఆగస్టు దాకా ఆగలేదు, జూలైలోనే వచ్చేసింది. జూన్‌లోనే మేడ మీదికి చేర్చండి. మేడ లేకపోతే ఊళ్లో మెరక మీదున్న చుట్టాల ఇంట్లో పెట్టండి.

నీళ్లలో మునిగిందా, కీ తిప్పకండి. స్విచ్ వేయకండి. బురద ఎండిందని గోకకండి, గుడ్డతో రుద్దకండి, మంచినీళ్లు సన్నగా పోసి నానబెట్టి దానంతట అదే జారిపోనివ్వండి. మెత్తటి నూలుగుడ్డతో అద్దండి. ఎండలో కాదు, ఫ్యాన్ కింద ఆరబెట్టండి. పూర్తిగా ఆరేదాకా డబ్బాలో పెట్టకండి. అప్పటికీ తుప్పు చుక్క కనిపిస్తే దాన్నలాగే వదిలేసి ఫోటో తీసి, ఎక్కడుందో తేదీతో రాసి పెట్టుకోండి.