హైదరాబాద్‌కి కొత్తగా వచ్చారా? ముందు మీ వీధి బోర్డులు చదవండి

హైదరాబాద్‌లో కొత్తగా ఇల్లు తీసుకున్నవాళ్ళు మొదటి ఆదివారమే చార్మినార్‌కి బయల్దేరతారు. అది 1591 నుంచి అక్కడే ఉంది, నెల తర్వాత వెళ్ళినా ఉంటుంది. మీ వీధి చివర కిరాణా కొట్టు మీద చేత్తో రాసిన బోర్డు మాత్రం వచ్చే నెలకి ఉంటుందని చెప్పలేం. ఎవరో వచ్చి దాని మీదే ఫ్లెక్స్ కొట్టేస్తారు. అందుకే ముందు మీ వీధి, ఆ తర్వాతే చార్మినార్.

మాది తెనాలి. మా నాన్న బోర్డు ఆర్టిస్టు. చిన్నప్పుడు రంగు డబ్బాలు పట్టుకుని ఆయన వెనకాలే తిరిగాను కాబట్టి, ఇప్పటికీ ఎక్కడ అక్షరం బాగుంటే అక్కడ ఆగిపోతాను. పెళ్ళయ్యాక సికింద్రాబాద్‌లో పద్మారావు నగర్‌కి వచ్చాం. ఈ ఊరు నాకు పరిచయమైంది ఆ అలవాటుతోనే. మా ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలు "ఎక్కడెక్కడ తిరగాలి మేడమ్?" అని అడిగితే వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఆదివారం పొద్దున ఏడింటికల్లా బయటపడండి. అప్పటికి షాపులు తెరవరు. షట్టర్లు కిందికి దించి ఉంటాయి కాబట్టి, వాటి మీద రాసినవన్నీ కనిపిస్తాయి. పది దాటితే షట్టర్లు పైకి వెళ్ళిపోతాయి, బోర్డులకి అడ్డంగా బండ్లు పెట్టేస్తారు. పైగా పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి బ్రష్ గీతలు తేటగా తెలుస్తాయి. వెళ్ళేటప్పుడు ఒక వైపు, వచ్చేటప్పుడు ఇంకో వైపు చూడండి. రెండు వైపులూ ఒకేసారి చూడబోతే ఏదీ గుర్తుండదు.

చేత్తో రాసిందో కాదో తేల్చుకోవడం తేలికే. ఒకే బోర్డులో రెండుసార్లు వచ్చిన అక్షరాన్ని పట్టుకోండి. "కనకదుర్గ జనరల్ స్టోర్స్" అని ఉంటే "న" ఎన్నిసార్లు వచ్చిందో చూసి, ఒకదాని పక్కన ఒకటి పోల్చండి. కంప్యూటర్‌లో చేసినవైతే అచ్చంగా ఒకేలా ఉంటాయి. చేత్తో రాసినవైతే ఒకదాని పొట్ట కాస్త లావు, ఇంకోదాని తలకట్టు కాస్త పొడుగు. దగ్గరికెళ్తే తలకట్టు చివర బ్రష్ ఎత్తిన చోట రంగు పలచబడి ఉంటుంది. ఇంకా దగ్గరగా చూస్తే, పాత బోర్డుల్లో అక్షరాల పైనా కిందా సన్నటి తెల్లగీత కనపడొచ్చు. సుద్దపొడి పట్టించిన దారాన్ని రెండు చివర్లా బిగించి, మధ్యలో లాగి వదిలితే పడే గీత అది. ఆ రెండు గీతల మధ్యే అక్షరాలు కూర్చోవాలి. "లైను తప్పితే బోర్డు తాగినట్టుంటుంది" అనేవారు మా నాన్న. తర్వాత కింద కుడి మూల చూడండి. ఫలానా ఆర్ట్స్ అని చిన్న సంతకం, పక్కనే ఫోన్ నంబర్ ఉంటాయి. అది రాసుకోండి, చివర్లో పనికొస్తుంది.

బోర్డు వయసు కూడా చెప్పొచ్చు. ల్యాండ్‌లైన్ నంబర్లో ఏడు అంకెలే ఉంటే అది 20 ఏళ్ళు దాటిన బోర్డు. ఆ తర్వాత హైదరాబాద్ నంబర్లన్నిటికీ ముందు 2 చేరి ఎనిమిదంకెలయ్యాయి. అడ్రసులో "ఆం.ప్ర." అని ఉంటే 2014 జూన్‌కి ముందు రాసింది. "టీఎస్" అని ఇంగ్లీషులో ఉంటే ఆ తర్వాతిది. "టీజీ" అని ఉంటే 2024లో వాడుక మారాక రాసింది. మా వీధి మొదట్లో కుట్టు మిషన్లు రిపేరు చేసే కొట్టుంది. నీలం రంగు మీద పసుపు అక్షరాలు, వాటికి కుడి పక్కన ఎర్ర షేడు. నంబర్ ముందు ఎవరో తర్వాత వేరే బ్రష్‌తో తెల్లగా 2 అంకె ఇరికించారు. అడ్రసు దగ్గర "ఆం.ప్ర." గీకేసి వదిలేశారు, దాని బదులు ఏమీ రాయలేదు. చరిత్ర పుస్తకంలో అధ్యాయమంత సంగతి ఆ రేకు మీద ఉందని నాకనిపిస్తుంది.

ఎన్ని భాషలున్నాయో కూడా చూడండి. తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ మూడూ ఉన్న బోర్డులు ఇక్కడ మామూలే. కానీ ఏది పైనుంది, ఏది పెద్దగా ఉంది అన్నది పేట పేటకీ మారుతుంది. ఆ షాపుకి ఎవరొస్తారో, ఆ పేటలో ఎవరున్నారో అక్కడే తెలిసిపోతుంది. ఉర్దూ అక్షరాల అందం చూడాలంటే ఛత్తా బజార్ వెళ్ళండి. ఒకప్పుడు కాతిబులు, అంటే అందంగా రాసే లేఖకులు, చేత్తో ఉర్దూ రాసిన చోటు, ఇప్పుడు వరసగా పెళ్ళి కార్డుల ప్రెస్సులు.

ఇళ్ళ నంబర్లు కూడా నేర్చుకోండి, డెలివరీ అబ్బాయితో గంటసేపు ఫోన్లో మాట్లాడే పని తప్పుతుంది. 3-6 అని మొదలైతే మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, ఆ తర్వాతది ఇల్లు. హిమాయత్ నగర్‌లో గేట్ల మీద ఈ 3-6 కనిపిస్తూనే ఉంటుంది. అత్తాపూర్ వైపు అద్దెకి దిగినవాళ్ళకైతే ఇంటి నంబర్ కన్నా పిల్లర్ నంబరే ముఖ్యం. 2009లో పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా స్తంభాలకి వేసిన అంకెలే అందరికీ అడ్రసులయ్యాయి.

మీ పేట అయిపోయాక పాతబస్తీకి వెళ్ళండి. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్లో దిగి నయాపుల్ మీదుగా నడవండి. వంతెనకి ఇవతల ఉస్మానియా ఆసుపత్రి, అవతల హైకోర్టు, రెండూ విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ గీసిన కట్టడాలే. మదీనా చౌరస్తా దాటాక పత్తర్‌గట్టీ రాతి కమానుల కింద మెల్లగా నడవండి. 1908 మూసీ వరద తర్వాత ఊరిని బాగుచేయడానికి పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన దుకాణాల వరస అది. పై అంతస్తుల్ని కూడా తలెత్తి చూడండి, ఆ రాతిపని అంతా అక్కడే ఉంది. దగ్గర్లోనే బాద్షాహీ ఆషుర్‌ఖానా ఉంది, మొహర్రంలో షియాలు సంతాపం పాటించే చోటు. 400 ఏళ్ళు దాటిన రంగు పలకలు, పసుపూ నీలమూ ఆకుపచ్చా, గోడ నిండా. కింది వరసల్లో పలకలు పోయిన చోట వాటిలాగే కనిపించేలా రంగులు వేశారు. అసలు పలకకీ వేసిన రంగుకీ తేడా మీరే వెతకండి, అరగంట పడుతుంది. అది ప్రార్థనా స్థలం, చెప్పులు బయట విడిచి, ఫొటోకి ముందు అక్కడివాళ్ళని అడగండి. మొహర్రం రోజుల్లో చూడ్డానికని వెళ్ళకండి.

ఆడవాళ్ళకి ఒక సంగతి. 2023 డిసెంబర్ నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్టే, అంటే డబ్బులు ఇవ్వక్కర్లేదు. కానీ చూపించే కార్డులో తెలంగాణ అడ్రసుండాలి. ఊరు మారగానే ఆధార్‌లో అడ్రసు మార్పించుకోండి.

ఇక అందరూ అడిగే మక్తా. రాజ్‌భవన్ రోడ్డు దగ్గర ఎం.ఎస్. మక్తాలో 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్ళు ఇళ్ళ గోడల నిండా బొమ్మలు వేయించారు. చూడాల్సిందే. కానీ ఎండకీ వానకీ కొన్ని వెలిసిపోయాయి. ఇంటర్నెట్లో చూసిన రంగులు అక్కడ దొరకవు. అది ఎగ్జిబిషన్ కాదు, జనం ఉండే బస్తీ. బొమ్మ కింద ఎవరో అంట్లు తోముకుంటుంటారు, పిల్లలు స్నానం చేస్తుంటారు. కెమెరా ఎత్తే ముందు "అమ్మా, ఈ గోడ ఫొటో తీసుకోవచ్చా?" అని అడగండి. వద్దంటే తీయకండి. సరే అంటే, బొమ్మ వేసిన రోజుల్లో ఏం జరిగిందో కూడా అడగండి. నాకు ఒక పెద్దావిడ చాలాసేపు చెప్పారు, ఏ రంగు తనకి నచ్చలేదో కూడా.

ఎవరైనా రంగులు వేస్తుండగా చూడాలనుంటే ఆషాఢ మాసం ముందు తిరగండి. బోనాలకి గుళ్ళకి సున్నాలు వేసి, గోడల మీద అమ్మవారి బొమ్మలు కొత్తగా దిద్దుతారు.

ఇవన్నీ చూశాక మీ ఇంటికి కూడా ఒక నేమ్ ప్లేటు రాయించండి, గ్రానైట్ మీద చెక్కించేది కాదు, చేత్తో రాసేది. పాత బోర్డు మూల రాసుకున్న ఆ నంబర్లకి ఫోన్ చేయండి. కొన్ని మోగవు, కొందరు పని మానేశారంటారు, ఒకరిద్దరు తప్పకుండా దొరుకుతారు. కొందరు అడుగు లెక్కన, కొందరు అక్షరం లెక్కన డబ్బులు చెప్తారు. బేరం ఆడకండి, ఆ చేతికి ఇప్పుడు నెలకి దొరికే పనే తక్కువ. పేర్లు కాగితం మీద తప్పుల్లేకుండా రాసివ్వండి. ఉర్దూలో కూడా కావాలంటే, ఉర్దూ వచ్చినవాళ్ళతో చదివించాకే ఇవ్వండి. రేకుకి ముందు ప్రైమర్ వేయించి, దాని మీద సింథటిక్ ఎనామిల్ రాయించండి. వానాకాలంలో పెట్టుకోవద్దు, తడికి రంగు సరిగా ఆరదు. బ్యాక్‌గ్రౌండు ఒకరోజు పూర్తిగా ఆరాకే అక్షరాలు మొదలుపెట్టమనండి. షేడు కుడివైపు వేయాలా, కిందికి వేయాలా అని ఆయన అడిగితే, మీకెలా బాగుంటే అలా వేయండి అని ఆయనకే వదిలేయండి.