ఏటీవీ కొంటున్నారా? సీసీ ఒక్కటే చూడొద్దు

పరకాల, ములుగు వైపు చేన్లకు, తోటలకు ఏటీవీ (లావు టైర్లతో, హ్యాండిల్‌తో నడిపే నాలుగు చక్రాల బండి) కొందామనుకునేవాళ్లు ముందు అడిగేది "ఎన్ని సీసీ?" అనే. సీసీ చెప్పేది ఇంజిన్ సైజు, బలం కాదు. పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570 అనే ఏటీవీనే చూడండి. ఇంజిన్ అదే 567 సీసీ. అమెరికా మోడల్ 44 హార్స్‌పవర్ (హెచ్‌పీ) ఇస్తే, మన దగ్గర ట్రాక్టర్ పేరుతో వచ్చినది 34 మాత్రమే.

పోనీ 44 ఉన్నా 45 హెచ్‌పీ మహీంద్రా 575 ట్రాక్టర్‌తో సమానం అనుకోకండి. ఆ 2,730 సీసీ ట్రాక్టర్ తన పవర్‌ను 1,900 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే ఇస్తుంది. ఏటీవీ ఇంజిన్ అంతకు ఎన్నో రెట్లు గిర్రున తిరగాలి. నిదానంగా తిరుగుతూ బరువు లాగే బలం దానికి అంత ఉండదు, కాబట్టి నాగలి ఆలోచన మానేయండి. మందు ట్యాంకు, చిన్న ట్రాలీ అయితే బాగానే లాగుతుంది.

వాన పడ్డ నల్లరేగడిలో లోడుతో దిగేముందు మాత్రం లో గేర్ వేయండి. ఎక్కువ ఏటీవీల్లో ఇంజిన్ బలాన్ని చక్రాల వైపు అందించేది రబ్బరు బెల్టు. హై గేర్‌లో నిదానంగా ఈడ్పిస్తే బెల్టు జారి, వేడెక్కి కాలిపోతుంది, 1000 సీసీ బండికైనా సరే. కాలిన వాసన రాగానే ఆపి చల్లారనివ్వండి. కొనేముందే ఆ బెల్టు రేటెంతో, ఎక్కడ దొరుకుతుందో డీలర్‌ను అడగండి.